ఈత వచ్చినవాళ్లకి బోటు పాఠాలెందుకు?

ప్రశ్న: మేం జార్జియాలో, కమింగ్‌లో ఉంటాం. లేక్ లేనియర్‌లో తిరగడానికి మూడు కుటుంబాలవాళ్లం కలిసి గొట్టాల మీద తేలే ఒక పాత పాంటూన్ బోటు కొన్నాం. మా వారిది కోనసీమ. "గోదారి ఈదినవాణ్ణి, నాకు క్లాసులేంటి?" అంటారు. పదిహేడేళ్ల మా అబ్బాయేమో కారు నడుపుతున్నాను, బోటెంత అంటాడు. ఇద్దరికీ ఏం చెప్పమంటారు?

జవాబు: అబ్బాయి సంగతి తేలికమ్మా. జార్జియాలో 1998 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు ఇంజన్ బోటు నడపాలంటే, రాష్ట్ర సహజ వనరుల శాఖ (డి.ఎన్.ఆర్.) ఆమోదించిన బోటింగ్ కోర్సు పాసవ్వాలి. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చేసేయొచ్చు. మీ వారు అంతకుముందే పుట్టి ఉంటారు గనక చట్టం ఆయన జోలికి రాదు. చిక్కంతా ఆయనతోనే.

నేను పుట్టింది నరసాపురంలో, వశిష్ఠ ఒడ్డున. గోదారి ఈత గొప్ప నాకొకరు చెప్పక్కర్లేదు. కానీ బోటు మీంచి పడేవాడు ఈత కొడదామని దిగడు. రెయిలింగ్‌కి తల కొట్టుకుని, జీన్స్‌తో, బూట్లతో, నోరు తెరుచుకుని పడతాడు. కోస్ట్ గార్డ్ లెక్కల ప్రకారం 2023లో అమెరికాలో సరదా బోట్ల ప్రమాదాల్లో 564 మంది పోయారు. కారణం తెలిసిన మరణాల్లో నూటికి 75 మునిగిపోవడం వల్లే. అలా మునిగినవాళ్లలో 87 శాతం మంది ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదు. చాలా బోట్లలో అది సీటు కింద, కవరు కూడా విప్పకుండా ఉంటుంది. ఆయన్ని తొడుక్కోమనండి.

ఇక నడపడం. బోటుకి బ్రేకు లేదు. న్యూట్రల్‌లో పెట్టినా ముందుకు పోతూనే ఉంటుంది, పైగా నీళ్లలో తిరిగే ప్రొపెల్లర్ రెక్కలు ఆగాక స్టీరింగ్ తిప్పినా సరిగ్గా మాట వినదు. తిప్పితే మొదట వెనక భాగం పక్కకి జరుగుతుంది. పాంటూన్‌కి చుట్టూ కంచె, పైన పందిరి ఉంటాయి కాబట్టి గాలి దాన్ని తెరచాపలా నెట్టుకుపోతుంది. శనివారం సాయంత్రం బోట్లు నిలిపే ఏ మెరీనాకైనా వెళ్లి చూడండి, టన్ను బరువున్న బోటుని కాలు అడ్డం పెట్టి ఆపబోయే మహానుభావులు కనిపిస్తారు. గాలికి ఎదురుగా, మెల్లగా బోటు కట్టే డాక్ దగ్గరికి రావడం పక్కన తెలిసినవాణ్ణి కూర్చోబెట్టుకుని నేర్చుకోవాల్సిందే. ఆన్‌లైన్ కోర్సులో అది రాదు.

దారి నియమాలు మాత్రం కోర్సులోనే వస్తాయి. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తప్పుకోవాలి. అడ్డంగా వచ్చే బోటు మీ కుడివైపున ఉంటే మీరే దారివ్వాలి. రాత్రయితే దాని ఎర్ర దీపం మీకు కనిపిస్తుంది, అదే గుర్తు. జూలై 4 బాణసంచా చూసి చీకట్లో వందల బోట్లు ఒకేసారి తిరుగుముఖం పట్టినప్పుడు ఇది తెలియనివాడి పక్కన ఉండాలని నేనైతే కోరుకోను. ఆగి ఉన్న బోటుకి, డాక్‌కి 100 అడుగుల లోపు నెమ్మదిగానే పోవాలన్నది జార్జియా చట్టం.

ముందు గేటు తీసి కాళ్లు వేలాడేసి కూర్చుంటారే, అది అస్సలు వద్దు. అక్కణ్ణించి పడ్డవాళ్ల మీదుగా బోటు, దాని వెనకే ప్రొపెల్లర్ వెళ్తాయి. నడిపేవాళ్లు ఇంజన్ ఆపే కిల్ స్విచ్ తాడుని ఒంటికి తగిలించుకోవాలి. ఆ స్విచ్ అమర్చి ఉన్న 26 అడుగుల లోపు బోట్లకి 2021 ఏప్రిల్ నుంచి ఇది ఫెడరల్ నిబంధన కూడా.

మీ వారికి ఆన్‌లైన్ కంటే కోస్ట్ గార్డ్ ఆగ్జిలరీ వలంటీర్లు చెప్పే క్లాసు మేలు. 1939 నుంచి ఉన్న సంస్థ అది. ఎదురు ప్రశ్నలు వేయొచ్చు, ఆయన వేస్తారు కూడా. వాళ్లే మీ బోటుని ఉచితంగా తనిఖీ చేసి లోపాలు చెబుతారు, జరిమానా రాయరు. పాత బోటు అన్నారు గనక ముందు ఆ పని చేయించండి.

ప్రశ్న: మా పాపకి నాలుగేళ్లు. చేతులకి తొడిగే గాలి బుడగలు బోటులో సరిపోతాయా?

జవాబు: సరిపోవు. అవి ఈతకొలనులో ఆటబొమ్మలు. జార్జియాలో బోటు కదులుతున్నంతసేపూ 13 ఏళ్ల లోపు పిల్లల ఒంటి మీద కోస్ట్ గార్డ్ ఆమోదించిన జాకెట్ ఉండాలి. సైజు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి చూడండి. 30 నుంచి 50 పౌండ్ల వాళ్లకి వేరే సైజుంది. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే వదులు. కాళ్ల మధ్య పట్టీ ఉన్నది కొనండి. ఇంజన్ ఆడుతున్నంతసేపూ పాపని వెనక నిచ్చెన దగ్గరికి పోనివ్వకండి, అక్కడ వాసనలేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది.