ఖాళీ గడి పక్కన వేలిముద్ర

ప్రశ్న: మా షెడ్డులో ఇరవై మంది వెల్డర్లం. ఆరు నెలల కింద కాంట్రాక్టరు వేరే దేశం వాళ్లను పదిమందిని దింపాడు. మాకిచ్చేదాంట్లో సగం కూలికే పన్నెండు గంటలు చేస్తున్నారు. మాకు ఓవర్‌టైం (ఓటీ) పోయింది. వాళ్లను తీసేయమని మావాళ్లు మేనేజరుకు అర్జీ రాశారు. రేపో మాపో నా దగ్గరకు తెస్తారు. సంతకం పెట్టనా? (ఒక వెల్డరు)

జవాబు: పెట్టకండి. అలాంటి అర్జీ మీద సంతకం పెట్టినవాణ్ని కాబట్టే చెబుతున్నాను. ముప్పై ఏళ్లు లేత్ మీద పనిచేశాను, అందులో పన్నెండేళ్లు యూనియన్ కార్యదర్శిని. మా ఫ్యాక్టరీలోకీ ఇలాగే పరాయి చోటు నుంచి పద్నాలుగు మంది వచ్చారు. మేం అర్జీ పెట్టాం. యాజమాన్యం మారు మాట్లాడకుండా పది రోజుల్లో వాళ్లను పంపేసింది. మరుసటి నెలలో ఇంకో కాంట్రాక్టరు ఇంకా తక్కువ కూలికి పద్దెనిమిది మందిని తెచ్చాడు. మా రేటు మాత్రం పైసా పెరగలేదు.

ఆ రెండో గుంపులో ఒక కుర్రాడు, కాలిన అరచేతికి తువ్వాలు చుట్టుకుని, ఎవరికీ కనపడకుండా పని చేస్తుంటే ఓ రాత్రి షిఫ్టులో చూశాను. ఆసుపత్రికి పోదాం రమ్మంటే తల అడ్డంగా ఊపాడు. ఒక రోజు మానేస్తే మూడు రోజుల కూలి కోత అట. పోనీ పని వదిలేసి పోదామంటే గుర్తింపు కార్డు కాంట్రాక్టరు బీరువాలో ఉంది. ఆ నెల కూలీలిచ్చే రోజున వాడి పక్కనే నిలబడ్డాను. రిజిస్టరులో పేరుంది, హాజరు ఉంది, కూలి రాయాల్సిన గడి మాత్రం ఖాళీ. కట్టు లేని చేత్తో ఆ ఖాళీ గడి పక్కన వేలిముద్ర వేశాడు. తర్వాత అందులో ఎంత రాసుకుంటారో రాసేవాడి ఇష్టం. మా రేటు ఎక్కడ పడిపోతోందో అప్పటికి గానీ నాకు తెలిసిరాలేదు. పంపేసిన ఆ పద్నాలుగు మంది ముఖాలు ఇప్పటికీ కళ్లముందు ఆడుతుంటాయి.

కాబట్టి అర్జీ రాయండి, అందులో అడిగేది మార్చండి. ఒకే పనికి ఒకే రేటు. ఎనిమిది గంటలు దాటితే అందరికీ ఓటీ. ఎవరి కార్డు వాళ్ల చేతికి. రేటు సమానమైతే వాళ్లను మీ మీదికి తేవడంలో కాంట్రాక్టరుకు లాభమేం మిగలదు. మొదట మీ ఇరవై సంతకాలతోనే ఇవ్వండి. ఆ పదిమందిని ముందుకు తోయకండి, మొదటి దెబ్బ వాళ్లకే తగులుతుంది.

ఇది అయ్యే పనేనా అంటారేమో. కాలిఫోర్నియా ద్రాక్షతోటల్లో ఫిలిప్పినో కూలీలు సమ్మె కడితే మెక్సికన్లను, మెక్సికన్లు కడితే ఫిలిప్పినోలను దింపి యజమానులు ఏళ్ల తరబడి గెలుస్తూ వచ్చారు. 1965 సెప్టెంబరు 8న డెలానోలో గంటకు 1.40 డాలర్లు కావాలని ఫిలిప్పినోలు పని ఆపేశారు. వాళ్ల నాయకుడు లారీ ఇట్లియాంగ్, మెక్సికన్ల సంఘం నడుపుతున్న సీజర్ చావెజ్‌ను కలిసి మాతో రండని అడిగాడు. చావెజ్ సంఘం అప్పటికింకా సమ్మెకు సిద్ధంగా లేదు. అయినా 16వ తేదీన చర్చి హాల్లో కూడి, సమ్మెలోకి దిగుదామని తీర్మానించారు. ఫిలిప్పినోల హాల్లోనే రెండు సంఘాలకూ ఒకే వంటశాల నడిచింది. డెలానో యజమానులు ఒప్పందాల మీద సంతకాలు పెట్టింది 1970 జూలైలో. అంటే దాదాపు ఐదేళ్లు పట్టింది. మీకు తొందరగా అయిపోతుందని నేను చెప్పను.

ప్రశ్న: శరణార్థులంటే జాలి పడతాం, సరే. మా పనిలో వాటా ఎందుకివ్వాలి? (ఒక బస్సు డ్రైవరు)

జవాబు: జాలి సంగతి కాసేపు పక్కన పెడదాం. పని చేయనివ్వనంత మాత్రాన శరణార్థి తిరిగి వెళ్లలేడు, అక్కడ ప్రాణభయం ఉంది కాబట్టే ఇక్కడికొచ్చాడు. పొట్ట కోసం చాటుగా, చీటీ లేకుండా, ఎంతిస్తే అంతకు చేస్తాడు. మళ్లీ ఆ ఖాళీ గడే.

1951 నాటి శరణార్థుల ఒడంబడికలో 24వ అధికరణం చదవండి. చట్టప్రకారం ఉంటున్న శరణార్థికి జీతం, పనిగంటలు, ఓటీ, జీతంతో సెలవులు ఆ దేశ పౌరులతో సమానంగా ఉండాలంటుంది. వలస కార్మికుల కోసం 1990లో ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడిక ఇంకా ముందుకెళ్లింది. కాగితాలు సరిగా లేనివాళ్లకు కూడా కూలిలో తేడా చూపకూడదంది. చట్టం అధికారమిచ్చిన ప్రభుత్వోద్యోగి తప్ప ఇంకెవరూ గుర్తింపు పత్రాలు లాక్కోకూడదంది. 2003లో అది అమల్లోకి వచ్చింది. వలస కూలీల చెమట మీద నడిచే సంపన్న దేశాలు చాలావరకు అందులో చేరనేలేదు. చేరమని గట్టిగా అడగాల్సింది ఆ దేశాల యూనియన్లే.

ప్రశ్న: ఇలాంటి కూలీలున్న కంపెనీలో మేం పనిచేయం. బయటివాళ్లం ఏం చేయగలం? (ఒక తపాలా ఉద్యోగిని)

జవాబు: మీరు అడిగారు కాబట్టి మీ శాఖవాళ్ల సంగతే చెబుతాను. 1976లో లండన్‌లోని గ్రన్‌విక్ ఫొటో ల్యాబులో జయాబెన్ దేశాయ్ ముందు నిలిచి సమ్మె నడిపింది. ఆమెతో బయటికొచ్చినవాళ్లలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన గుజరాతీ మహిళలు. ఆ ల్యాబు వ్యాపారం ఎక్కువగా పోస్టు మీదే నడిచేది. క్రికిల్‌వుడ్ పోస్టల్ కార్మికులు ఆ సంచులు ముట్టుకోవడానికి ఒప్పుకోలేదు. 1978లో సమ్మె ఓడిపోయింది, అది దాచను. కానీ తమకు ఒక్క పైసా రాని పోరాటానికి ఆ పోస్టల్ కార్మికులు అలా నిలబడ్డారని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ప్రశ్న: వచ్చినవాళ్ల భాష మాకు రాదు, మా భాష వాళ్లకు రాదు. సంఘంలో ఎలా కలుపుకోవాలి? (ఒక కుట్టు మిషను కార్మికురాలు)

జవాబు: 1912 జనవరిలో అమెరికాలోని లారెన్స్ నేతమిల్లుల్లో ఇంతకన్నా పెద్ద చిక్కే వచ్చింది. మహిళలు, పిల్లల పనిగంటలను చట్టం వారానికి 56 నుంచి 54కు తగ్గిస్తే, యజమానులు ఆ రెండు గంటల కూలి కోసేశారు. ఇటలీ, పోలండ్, లిథువేనియా, సిరియా, ఇంకా ఎన్నో దేశాల నుంచి వచ్చిన ఇరవై వేల మందికి పైగా బయటికొచ్చారు. సమ్మె కమిటీలో ఒక్కో దేశం వాళ్లకు వాళ్ల ప్రతినిధులున్నారు, సభల్లో ప్రతి మాటనూ భాష తర్వాత భాషలో చెప్పించేవారు. సమ్మె నడుస్తుండగా వాళ్ల పిల్లల్ని వేరే నగరాల కార్మిక కుటుంబాలు తమ ఇళ్లలో పెట్టుకుని సాకాయి. మార్చిలో కూలి పెరిగింది. అందరికన్నా తక్కువ కూలి ఉన్నవాళ్లకే ఎక్కువ శాతం పెరిగింది.

మీరు చిన్నగా మొదలుపెట్టండి అమ్మా. మీటింగుకు ముందే వాళ్లలో రెండు భాషలూ కాస్త తెలిసినవాళ్లను వెతికి పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ మనిషి మేస్త్రీ తాలూకు కాకుండా చూసుకోండి, మేం ఒకసారి అక్కడే దెబ్బతిన్నాం. ఈలోగా వాళ్ల భాషలో ఒక్క మాట నేర్చుకోండి: “నీకు ఎంత రాశారు?” చెప్పిన అంకెను ఆ రోజు తేదీతో మీ నోటుబుక్కులో రాసి పెట్టుకోండి.