ప్రతి ఏడూ లక్ష్యాలు పెట్టుకుంటాను, రెండు నెలలు దాటవు. ఏం చేయాలి?

మీరు ఏడు లక్ష్యాలు రాశారు: బరువు తగ్గడం, రోజూ పుస్తకం చదవడం, ఇంగ్లిష్‌లో ధారాళంగా మాట్లాడటం, కోపం తగ్గించుకోవడం, తెల్లవారుజామున లేవడం, పొదుపు, ఫోన్ తగ్గించడం. ప్రతిసారీ రెండో నెలకల్లా అన్నీ ఆగిపోతున్నాయని, మీకు పట్టుదల లేదేమోనని బాధపడుతున్నారు. ఏటా మళ్ళీ మొదలుపెట్టే మనిషికి పట్టుదల లేదంటే నేను ఒప్పుకోను. కానీ ఆగిపోయిన రోజు ఏం చేయాలన్నది మీ జాబితాలో ఎక్కడా లేదు. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది దాని గురించే.

నేను నలభై దాటాక ఈత నేర్చుకున్నాను. చిన్నప్పటి నుంచి నీళ్లంటే భయం. చేరిన కొత్తలో కోచ్‌ని అడిగాను, ఎన్నాళ్లకు ఒక ల్యాప్ పూర్తి చేయగలను అని. "ల్యాప్‌ల లెక్క ఇప్పుడొద్దండీ, నీళ్లలో తల పెట్టి గాలి వదలడం ఒక్కటే చూసుకోండి" అన్నారు. కొత్తవాళ్లు నీళ్లలో ఊపిరి బిగబడతారు. దాంతో తల పైకెత్తిన ఆ కాస్త వ్యవధిలోనే గాలి వదలడం, పీల్చడం రెండూ చేయాల్సి వస్తుంది. రెండూ కుదరక ఆయాసం వస్తుంది, కంగారులో తల ఇంకా పైకి లేపుతారు, తల లేస్తే కాళ్లు మునుగుతాయి. మొదటి నెలంతా నా లక్ష్యం గాలి వదలడమే. అది కుదిరాక మిగతావి నేను అనుకున్నదానికంటే తేలిగ్గా వచ్చాయి.

ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు లక్ష్యాల మీద దశాబ్దాల పాటు పనిచేశారు. "వీలైనంత బాగా చేద్దాం" అనుకునేవాళ్ల కంటే నిర్దిష్టమైన, కాస్త కష్టమైన లక్ష్యం పెట్టుకున్నవాళ్లు ఎక్కువ సాధిస్తారని వాళ్ల పరిశోధనల్లో పదే పదే తేలింది. ఈ మాట చాలామందికి తెలుసు. దీనితో పాటు వాళ్లు చెప్పిన ఇంకో సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు: పని కొత్తదీ క్లిష్టమైనదీ అయితే, మొదట్లోనే ఫలితానికి అంకె పెట్టుకోవడం కంటే పద్ధతి నేర్చుకోవడాన్నే లక్ష్యంగా పెట్టుకోవడం మేలు. మా కోచ్ నాతో చేయించింది అదే. మీ జాబితాలో ఇంగ్లిష్ ఈ కోవలోకి వస్తుంది. మూడు నెలల్లో ధారాళంగా మాట్లాడాలని గడువు పెట్టుకోకండి. ఈ నెలంతా నిన్న జరిగిన సంగతులు తడబడకుండా చెప్పడం మీదే ఉంటానని అనుకోండి. పొదుపు అలా కాదు, అందులో కొత్తగా నేర్చుకునేది పెద్దగా లేదు. జీతం పడిన రోజే ఇంత పక్కకు వెళ్లాలని అంకె వేసుకోవచ్చు.

ఇక ఎప్పుడు, ఎక్కడ అన్న సంగతి. పీటర్ గోల్విట్సర్ అనే శాస్త్రవేత్త "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అని ముందే తేల్చుకోవడం గురించి చాలా పరిశోధన చేశారు. 2006లో ఆయనా, పాస్కల్ షీరన్ కలిసి అలాంటి 94 అధ్యయనాల ఫలితాలను ఒకచోట చేర్చి చూస్తే, ఈ పద్ధతి వల్ల లక్ష్యం చేరే అవకాశం బాగానే పెరుగుతుందని తేలింది. నాకు అది ఇలా పనికొచ్చింది: ఆఫీసు నుంచి బయటికి రాగానే ఇంటికి కాదు, నేరుగా పూల్‌కి. బ్యాగు ముందు రాత్రే సర్ది బండిలో పెట్టేవాణ్ణి. వెళ్లాలా వద్దా అని సాయంత్రం ఆలోచించే అవసరం లేకుండా పోయింది. కోపానికి కూడా ఇది నప్పుతుంది. "గొంతు పెరుగుతోందని తెలియగానే పక్క గదిలోకి వెళ్లిపోతాను" అనుకోవడం, "కోపం తగ్గించుకుంటాను" అనుకోవడం కంటే ఎంతో నయం.

ఇప్పుడు ఆగిపోయే రోజు సంగతి. అది ఖాయంగా వస్తుంది. జ్వరమో, ఆఫీసులో పని ఒత్తిడో, పిల్లల పరీక్షలో. ఫిలిప్పా లాలీ బృందం లండన్‌లో 96 మందిని గమనించి, అలవాటు కుదరడానికి పట్టే కాలాన్ని అంచనా వేసింది. మధ్యస్థంగా 66 రోజులు వచ్చింది, కానీ మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. 21 రోజుల్లో అలవాటు పడిపోతుందన్న మాటను నమ్ముకుంటే నిరాశే మిగులుతుంది. మీరు మానేస్తున్నది రెండో నెలలో, అంటే చాలామందికి ఇంకా అలవాటు కుదరని సమయంలో. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పెద్దగా దెబ్బతినలేదని కూడా ఆ అధ్యయనంలోనే కనిపించింది.

ఒక రోజు సరే, వరసగా కొన్ని వారాలు పోతే? అప్పుడు మనల్ని ఆపేది బద్ధకం కాదు. ఎక్కడ ఆపామో అక్కడి నుంచే అందుకోవాలన్న టెన్షన్. అందుకే ఈత మొదలుపెట్టినప్పుడే నోట్‌బుక్‌లో ఇలా రాసి పెట్టుకున్నాను: "ఎన్నాళ్లు మానినా, తిరిగి వెళ్లిన రోజు పది నిమిషాలే. గోడ పట్టుకుని గాలి వదిలి వచ్చేయాలి." పెద్ద జ్వరం తర్వాత ఆ వాక్యమే నన్ను మళ్ళీ నీళ్లలోకి దించింది. పాత వేగం గురించి ఆ రోజు ఆలోచించనే లేదు. ఆ తర్వాత ఎన్ని విరామాలు వచ్చినా అదే పాటించాను. ఇవాళ్టికీ ఈదుతున్నానంటే ఆ ఒక్క నియమం వల్లే.

లక్ష్యాలు కాగితం మీద రాసుకుంటే చాలు, నెరవేరతాయంటారు, నిజమేనా అని అడిగారు. దీనికి ఆధారంగా చాలామంది చెప్పేది యేల్ విశ్వవిద్యాలయంలో 1953లో జరిగిందనే అధ్యయనం, లక్ష్యాలు రాసుకున్న 3 శాతం మంది మిగతా అందరికంటే ఎక్కువ సంపాదించారని. అలాంటి అధ్యయనమే జరగలేదు, యేల్ కూడా ఆ మాటే చెబుతోంది. రాసుకోండి, కానీ తిరిగి వచ్చే దారి కూడా అందులో ఉండాలి.

ఏడింటిలో ఏది ముందు? నన్నడిగితే ఫోన్. రాత్రి ఫోన్ తగ్గితే నిద్ర త్వరగా పడుతుంది, తెల్లవారుజామున లేవడానికి అదే దారి. నిద్ర చాలని రోజు చిన్న విషయానికే చిరాకు పడతాం, కాబట్టి కోపానికీ దీనికీ సంబంధం ఉంది. పుస్తకానికి సమయం కూడా అక్కడి నుంచే దొరుకుతుంది. రాత్రి భోజనం కాగానే ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్ పెట్టండి. తప్పిన మర్నాడు పడుకునే ముందు ఒక్క అరగంట దూరం పెట్టినా చాలని ఇప్పుడే రాసి పెట్టుకోండి. మిగతా ఆరూ రెండు మూడు నెలలు పక్కన ఉండనివ్వండి. ఇది కుదిరాక ఇంగ్లిష్ గురించి మళ్ళీ రాయండి, దాని మీద విడిగా చెప్పాల్సింది చాలా ఉంది.