కథ నాది, డబ్బు అతనిది... సినిమా ఎవరిది?

ప్రశ్న: కథ, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం నావి. కాలేజీ స్నేహితుడు 35 లక్షలు పెట్టాడు. అగ్రిమెంట్ రాసుకోలేదు. ‘లాభం వస్తే చెరి సగం’ అన్న వాట్సాప్ మెసేజ్ ఒక్కటే ఉంది. నేను పారితోషికం తీసుకోలేదు. సెన్సార్ అయ్యాక ఓటీటీ వాళ్లతో, తమిళ రీమేక్ కోసం వచ్చినవాళ్లతో అతనొక్కడే మాట్లాడుతున్నాడు. అడిగితే ‘నిర్మాతను నేను’ అంటున్నాడు. ఫైనల్ కాపీ హార్డ్ డిస్క్ నా దగ్గరే ఉంది. ఇవ్వకుండా ఆపొచ్చా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు హార్డ్ డిస్క్ సంగతి. దాన్ని పట్టుకుని కూర్చోకండి. నమ్మకద్రోహం కింద పోలీసు ఫిర్యాదుకు మీరే దారి ఇచ్చినట్టవుతుంది. రసీదు రాయించుకుని ఇచ్చేయండి. మీ అసలు బలం వేరేచోట ఉంది.

సినిమా వరకు అతని మాట చాలావరకు నిజం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు ‘కర్త’ నిర్మాతే. ప్రధాన దర్శకుణ్ణీ సహకర్తగా చేర్చాలని 2010 బిల్లులో ప్రతిపాదించారు గానీ, 2012లో సవరణ పాసయ్యేసరికి అది ఎగిరిపోయింది. ఇది దర్శకులకు జరిగిన అన్యాయమనే నేనంటాను. అయినా కోర్టులో నడిచేది చట్టమే. సినిమా తీయడానికి చొరవ, బాధ్యత తీసుకున్నవాడే నిర్మాత అన్నది చట్టంలోని నిర్వచనం కాబట్టి, ఆ బాధ్యత మీరూ మోశారని వాదించవచ్చు. సెన్సార్ సర్టిఫికెట్, టైటిల్ రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా అన్నీ అతని పేరుమీదే ఉంటే మాత్రం ఆ వాదన నిలబెట్టడం కష్టం.

కథ, స్క్రీన్‌ప్లే లెక్క వేరు. సినిమా హక్కు నిర్మాతదైనా, అందులోని రచన మీద విడి హక్కు అలాగే ఉంటుందని 13(4) సెక్షన్ చెబుతోంది. సత్యజిత్ రాయ్ ‘నాయక్’ స్క్రీన్‌ప్లేను నవలగా వేసినప్పుడు హక్కు మాదేనని నిర్మాత కుటుంబం కోర్టుకెక్కింది. స్క్రీన్‌ప్లే హక్కు రాయ్‌దేనని 2023లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. మీరు జీతానికి పనిచేసిన ఉద్యోగి కారు. రచన హక్కు చేతులు మారాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా ఉండాలి, మీ సంతకం ఉండాలి. మీరు చెప్పినదాన్నిబట్టి అలాంటి కాగితమే లేదు.

అందుకే తమిళ రీమేక్‌కు మీ సంతకం కావాలి. ఓటీటీ సంగతి అంత బలమైంది కాదు. మీ కథతో మీరే సినిమా తీశారు కనుక, ఈ సినిమా వరకు అనుమతించినట్టేనని అతను వాదిస్తాడు, కోర్టు ఒప్పుకునే అవకాశమూ ఉంది. కానీ ఇల్లు కొనేవాడు లింక్ డాక్యుమెంట్లు చూసినట్టే, ఓటీటీ లాయర్లూ రచయిత రాసిచ్చిన అసైన్‌మెంట్ (హక్కు బదిలీ పత్రం) అడుగుతారు. ఒప్పందం కుదరాలంటే అతను మీ దగ్గరికి రావలసిందే.

‘చెరి సగం’ మెసేజ్‌తో భాగస్వామినని కేసు వేద్దామనుకుంటే కాస్త ఆగండి. లాభంలో వాటా ఉన్నంత మాత్రాన భాగస్వామి అయిపోరని 1932 భాగస్వామ్య చట్టం 6వ సెక్షన్ చెబుతోంది. ఒకవేళ అయ్యారనే తేలిందనుకోండి, సంస్థ అప్పులకు మీ సొంత ఆస్తి కూడా పూచీ. అతను ఫైనాన్స్ ఎక్కడ తెచ్చాడో మీకు తెలుసా? పైగా రిజిస్టర్ కాని సంస్థలో భాగస్వామి, ఒప్పంద హక్కు కోసం రెండోవాడి మీద దావా వేయలేడు. సంస్థను రద్దుచేసి లెక్కలు తేల్చమని మాత్రం అడగొచ్చు. నా మటుకు నేను రచయిత హక్కు మీదే నిలబడమంటాను. లాభం వాటాను విడి ఒప్పందంగా అడగండి. ఆ మెసేజ్ ఉన్న ఫోన్ మార్చకండి. దాన్ని కోర్టులో పెట్టాలంటే, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ అడిగే సర్టిఫికెట్ కావాలి.

ఈ వారంలోనే అతనికి లాయర్ నోటీసు పంపించండి. రీమేక్ అడుగుతున్నవాళ్లు ఎవరో తెలిస్తే కథ హక్కు మీదని వాళ్లకూ రాయండి. అందులో నిందలు వద్దు. వినకపోతే మీరుండే విజయవాడలోనే కాపీరైట్ దావా వేయొచ్చు, కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ఆ వీలిచ్చింది. రీమేక్‌ను వెంటనే ఆపాల్సిన అవసరం లేకపోతే మాత్రం దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. అక్కడ రాజీ కుదిరితే రాయించుకోవాల్సినవి: ఈ ఒక్క సినిమాకే కథ ఇస్తున్నట్టు, రీమేక్ డబ్బులో మీ వాటా, టైటిల్స్‌లో మీ పేరు, డబ్బు వచ్చిన ప్రతిసారీ బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సహా లెక్క. చెరి సగమంటే ఖర్చు పోను మిగిలిన దాంట్లోనా, మొత్తంలోనా అన్నదీ రాయించుకోండి. ఎక్కువ గొడవలు అక్కడే మొదలవుతాయి.