రక్షిత వృక్షం కొమ్మలు మన గోడ దాటితే

ప్రశ్న: పక్కింటి వారి స్థలంలోని పెద్ద చెట్టు రక్షిత వృక్షాల జాబితాలో ఉంది. దాని కొమ్మలు మా ఆవరణలోకి వచ్చాయి. గోడ వెంబడి గది కట్టదలచాము. మా వైపున్న కొమ్మలనూ వేళ్లనూ మేమే తీయించవచ్చునా?
- ఒక పాఠకురాలు

జవాబు: అనుమతి లేకుండా తీయించకండి. సరిహద్దు దాటిన కొమ్మను నరుక్కునే హక్కు చాలాచోట్ల పొరుగువారికి ఉన్నప్పటికీ, చెట్టుకు చట్టరక్షణ లభించిన తరువాత ఆ హక్కు సాధారణంగా అనుమతికి లోబడే ఉంటుంది. రక్షణ చెట్టు మొత్తానికి వర్తిస్తుంది గనుక కొమ్మ ఎవరి ఆవరణలో ఉన్నదనేది ముఖ్యం కాదు. మీ స్థానిక సంస్థకు ఫొటోలతో, గది నక్షాతో దరఖాస్తు చేయండి. ముందుగా పొరుగువారితో మాట్లాడటం మంచిది.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీ గది పునాది. వేళ్లు చాలా లోతుకు దిగుతాయని మనం అనుకుంటాం గాని, నీటిని పీల్చే సన్నని వేళ్లలో అధికభాగం నేల పైభాగంలోనే, కొమ్మల నీడను దాటి కూడా విస్తరించి ఉంటాయి. కాండం వ్యాసానికి 12 రెట్ల దూరం వరకు నేలను కదపరాదన్నది వృక్షనిపుణులు విరివిగా పాటించే కొలత. ఛాతీ ఎత్తున కాండం వ్యాసం 60 సెంటీమీటర్లుంటే అది 7.2 మీటర్లవుతుంది. ఆ పరిధిలో కందకం తవ్వితే చెట్టు వెంటనే ఎండిపోకపోవచ్చు. కొన్నేళ్లకు పైకొమ్మలు ఎండటం మొదలవుతుంది, గాలివానకు ఒరిగే ప్రమాదమూ ఉంటుంది. కాబట్టి గదిని జరపడమో, నిపుణుని పర్యవేక్షణలో విడివిడి స్తంభాలపై కట్టడమో ఆలోచించండి.