‘ఐ లవ్ యూ ఫిలిప్ మోరిస్’ సినిమా కథ ఎంతవరకు నిజం?

నమ్మశక్యం కాని ఘట్టాలే నిజం. 2009లో సండాన్స్ చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శించిన ఈ సినిమాకు ఆధారం అమెరికాలోని టెక్సాస్‌కు చెందిన మోసగాడు స్టీవెన్ రస్సెల్ జీవితం. ఆ పాత్రలో జిమ్ క్యారీ, అతను ప్రేమించిన ఫిలిప్‌గా ఇవాన్ మెక్‌గ్రెగర్ నటించారు.

భార్యా కూతురూ ఉన్న మాజీ పోలీసు రస్సెల్. 1995లో హ్యూస్టన్‌లోని జైల్లో ఫిలిప్‌తో పరిచయం ప్రేమగా మారింది. బయటికొచ్చాక దొంగ అర్హతలతో ఒక వైద్య నిర్వహణ సంస్థలో ఆర్థిక విభాగానికి అధిపతి అయ్యి, దాదాపు 8 లక్షల డాలర్లు కాజేశాడు. పట్టుబడితే న్యాయమూర్తిలా ఫోన్ చేసి తన బెయిలు మొత్తాన్ని తానే తగ్గించుకున్నాడు! మరోసారి జైలు దుస్తులకు ఆకుపచ్చ మార్కర్ రంగు పట్టించి, డాక్టరు వేషంలో గేటు దాటాడు. అన్నిటికన్నా సాహసం 1998 నాటిది: తిండి మానేసి చిక్కిపోయి, వైద్య రికార్డులు మార్చి, ఎయిడ్స్ రోగినని నమ్మించి విడుదలయ్యాడు. ఆపై తానే చనిపోయినట్లు కబురు పంపాడు. చివరికి పడిన శిక్ష 144 ఏళ్లు. ఎవరినీ గాయపరచని నేరాలకు ఇంత శిక్షా అనిపిస్తుంది. పరువు పోయిన జైలు శాఖ కోపమూ అందులో ఉందని నా అనుమానం.

సంఘటనల వరుస, సంభాషణలు మాత్రం దర్శకులు గ్లెన్ ఫికారా, జాన్ రెక్వా సినిమాకు అనువుగా మలచుకున్నవే. నా దృష్టిలో ఈ సినిమా బలం మోసాల్లో కన్నా, ఆ ప్రేమను ఎగతాళి చేయకపోవడంలో ఉంది.