గమ్‌షూ అంటే బంక బూట్లు కాదురా చిన్నా

చిన్నా, నీ మెసేజ్ నిన్న రాత్రి చూశాను, ఆ పాత అమెరికన్ డిటెక్టివ్ కథని తెలుగు చేస్తూ, డిటెక్టివ్‌ని పిలిచే గమ్‌షూ అనే ఇంగ్లీషు మాట దగ్గర ఆగిపోయానన్నావు కదా, ఆగడమే మంచిదైంది, నీ వయసులో నేను ఆగలేదు. అప్పట్లో ఒక వారపత్రికకి అనువాదాలు చేసేదాన్ని, గమ్ అంటే మనకి తెలిసింది సీసాలో బంకే కదా, "బంక బూట్లవాడు" అని రాసిచ్చేశా, అచ్చయిపోయింది కూడా. ఒకాయన కార్డు రాశాడు, ఆ బంక ఏదైనా క్లూ ఏమోనని కథ చివరిదాకా వెతికానమ్మా అని. నమ్మి చదివే మనిషిని దారి తప్పించానే అని ఇప్పటికీ బాధే.

ఇక్కడ గమ్ అంటే రబ్బరు, చెట్టు పాల నుంచి తీసేది. మున్సిపాలిటీ వాళ్ళు డ్రైనేజీ పనుల్లో వేసుకునే గమ్ బూట్లు చూశావుగా, అదే గమ్. 1844లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుని గట్టిపరిచే పద్ధతికి అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు, ఆ తర్వాత రబ్బరు బూట్లు మామూలు జనానికీ వచ్చేశాయి. తోలు అడుగు బూటేసుకుని చెక్క మెట్లెక్కితే టకటకమని పై అంతస్తు దాకా వినిపిస్తుంది, రబ్బరు అడుగైతే చప్పుడుండదు. అందుకే 1900 ప్రాంతంలో ఈ మాట ముందు దొంగలకి వాడారు, తర్వాత ఆ దొంగల వెనకాల నడిచే మఫ్టీ పోలీసుకీ, ప్రైవేట్ డిటెక్టివ్‌కీ స్థిరపడిపోయింది. అమెరికాలో మిజోరి రాష్ట్రం సెనేటర్ విలియం జోయెల్ స్టోన్‌ని గమ్‌షూ బిల్ అనేవాళ్ళు, ఆయన డిటెక్టివేం కాదు, రాజకీయాల్లో గుట్టుగా పని చక్కబెట్టేవాడని ఆ పేరు. దీన్ని క్రియగా కూడా వాడతారు, అప్పుడు పిల్లిలా తిరగడం, చాటుగా ఆరా తీయడం అని రాసుకో.

అసలు చూడాల్సింది ఆ మాట ఎవరి నోట్లోంచి వస్తోందన్నది. గమ్‌షూలో గౌరవం తక్కువరా, కాస్త చులకన ఉంటుంది. బార్ ఓనరు హీరోయిన్‌ని పక్కకి పిలిచి "ఎవడో గమ్‌షూ వచ్చాడు" అంటే, అక్కడ అపరాధ పరిశోధకుడు అని పెట్టావనుకో, బార్ ఓనరు నోట గ్రాంథికం పలికినట్టుంటుంది. "ఎవడో కూపీ లాగేవాడొచ్చి నీ గురించి అడిగిపోయాడు" అను, బెదురూ వస్తుంది, చులకనా వస్తుంది. అదే డిటెక్టివ్ తన గురించి తనే చెప్పుకుంటే మాత్రం ఆ చులకన వెనక అలుపు ఉంటుంది, రోజంతా వీధులు తిరిగి కాళ్ళు పీకేవాడి మాట అది, అక్కడ "బూట్లరిగేలా తిరిగే డిటెక్టివ్‌ని" అంటే సరిపోతుంది. మామూలు కథనంలో డిటెక్టివ్ చాలు, ఆ మాట మనవాళ్ళకి ఎప్పుడో సొంతమైపోయింది.

ఆ కథల్లోనే డిక్ అని కూడా తగులుతుంది, ఇవాళ అది బూతు కాబట్టి కంగారు పడకు, అప్పటి వాడుకలో డిటెక్టివే. స్లూత్ అన్నా డిటెక్టివే, కానీ అది వేరే దారిలో వచ్చింది, అడుగుజాడ పట్టి వెంటాడే స్లూత్ హౌండ్ అనే వేటకుక్క పేరులోంచి, కాబట్టి దానికి బూట్లూ నడకా తగిలించకు. విక్టోరియా రాణి కాలం లండన్ కథ చేసేటప్పుడు గమ్‌షూని అక్కడికి లాక్కెళ్ళకు, అది అమెరికా వీధి మాట.

నువ్వు ఆగిపోయిన ఆ పేరా, దానికి ముందు పేజీ కూడా పంపు. అక్కడ మాట్లాడేది పోలీసా, పోలీసంటే పడనివాడా చూడాలి, అది తేలితేగానీ ఏ మాట పెట్టాలో నేనైనా చెప్పలేను.

అత్త