స్కూళ్ళ తనిఖీకి కాంట్రాక్టు ఉద్యోగం, స్కూలుకి 600 ఇస్తామంటున్నారు. చేరవచ్చా?

ఒడిశా రాయగడ జిల్లా గుణుపురం బ్లాకులో స్కూళ్ళు తనిఖీ చేయడానికి ప్రైవేటు ఏజెన్సీ మనుషుల్ని తీసుకుంటోందని, చేరమంటారా అని అడిగారు. మాది పర్లాకిమిడి. గజపతి, రాయగడ జిల్లాల్లో నేను ఇదే పని చేసి మానేశాను.

ముందు ఆ 600 సంగతి చూడండి. పుట్టాసింగి అవతలి సవర ఊళ్ళకు వెళ్ళాలంటే పోనూ రానూ 80 కిలోమీటర్లు పడుతుంది. ఆ కొండ రోడ్డు మీద బండి లీటరుకి 40 ఇస్తే గొప్పే. అంటే 200 పైన పెట్రోలుకే పోయింది. టైర్లు, బ్రేకులు మన ఖాతాలోనే. తీరా వెళ్ళాక బడికి తాళం వేసి ఉంటే? మాకైతే ఆ విజిట్‌కి పైసా ఇచ్చేవారు కాదు. ఎండలు ముదిరితే ఒడిశాలో పొద్దుటి బడి పెడతారు, పదిన్నరకల్లా పిల్లలు ఇళ్ళకి పోతారు. ఇక రోజుకి రెండు స్కూళ్ళు చూడటం వల్ల కాదు. వేసవి సెలవుల్లో అసలు ఆదాయమే ఉండదు. ఇంటర్వ్యూలో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

తర్వాత, మిమ్మల్ని ఉద్యోగిగా రాసుకుంటున్నారా, కన్సల్టెంటుగానా? మమ్మల్ని కన్సల్టెంట్లన్నారు. అప్పుడు సెక్షన్ 194జె కింద 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోశారు, పీఎఫ్ లేదు. మన ఆదాయం మీద పన్ను పడకపోతే, కోసిన డబ్బు రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది కానీ, వాళ్ళు నిజంగా కట్టారో లేదో మన పేరు మీద జమైన పన్ను చూపించే ఇన్‌కంటాక్సు స్టేట్‌మెంటులో చూసుకుంటూ ఉండాలి. పీఎఫ్ ఉంటే వాళ్ళ వంతు 12 శాతంతో పాటు ఈడీఎల్ఐ బీమా కూడా ఉంటుంది. మనిషి పోతే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది. ఘాట్ రోడ్ల మీద తిరిగేవాళ్ళకి అది చిన్న విషయం కాదు.

ఇక పనిలో ఉండే టెన్షన్. మధ్యాహ్న భోజనానికి ప్రైమరీ పిల్లకి 100 గ్రాముల బియ్యం లెక్క. ఒక బడిలో హాజరు 60 వేసి, 6 కిలోలు ఖర్చు రాశారు. వరండాలో కంచాలు చూస్తే 35. వంటావిడని అడిగితే మూడున్నర కిలోలే కడిగానని చెప్పేసింది, పాపం, ఆవిడకి దాచడం చేతకాలేదు. ఉన్నది ఉన్నట్టు రాసి ఫొటోలు ఎక్కించాను. సాయంత్రానికి మా సూపర్‌వైజరు ఫోను: "క్లయింటుతో గొడవ మనకెందుకు బాబూ, కాస్త సర్దెయ్." ఆ హెడ్మాస్టరుది పర్మినెంటు ఉద్యోగం, నాది పదకొండు నెలల కాగితం. ఎవరి మాట చెల్లుతుందో మీరే ఊహించుకోండి.

ఎప్పటికైనా పర్మినెంట్ చేస్తారనే ఆశతో మాత్రం చేరకండి. 2022 అక్టోబరులో ఒడిశా ప్రభుత్వం కాంట్రాక్టు నియామకాల పద్ధతి ఎత్తేసి 57 వేల మందికి పైగా రెగ్యులర్ చేసింది నిజమే. కానీ వాళ్ళు సర్కారు నేరుగా తీసుకున్నవాళ్ళు. మనం ఏజెన్సీ మనుషులం, ఆ లెక్కలోకి రాము.

నెల జీతం, కిలోమీటర్ల లెక్కన పెట్రోలు ఇస్తామంటే చేరండి, అనుభవం పనికొస్తుంది. ఒడియా చదవడం, రాయడం వస్తేనే సుమా, రిజిస్టర్లన్నీ అందులోనే ఉంటాయి. స్కూలు లెక్కనే అంటే 900కి తగ్గకుండా అడగండి. బడి మూసి ఉన్నా విజిట్ కిందే లెక్క అని ఆర్డరులో రాయించుకోండి. నోటిమాటగా ఒప్పుకుని కాగితం మీద రాయమంటే నసిగేవాళ్ళ దగ్గర చేరకపోవడమే మేలు.